పాలమూరు వలస బస్సు, హెచ్‌ఐవీ: మనం మాట్లాడుకోని చరిత్ర

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... 2016 అక్టోబర్ 11న ఈ మూడూ జిల్లాలయ్యాయి. అంతకుముందు అంతా కలిపి మహబూబ్‌నగర్, అంటే మన పాలమూరు. నడిగడ్డకు రెండు పక్కలా కృష్ణ, తుంగభద్ర పారుతున్నా చేన్లకు నీళ్లు లేవు. మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని జనం బొంబాయి, పుణె బస్సెక్కేవాళ్లు.

1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ టీమ్ మన దేశంలో మొదటిసారి హెచ్‌ఐవీని గుర్తించింది. 2000 తర్వాతి ఏళ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎక్కువ కేసులున్న రాష్ట్రాల్లో ఒకటైంది. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే వలస కూలీలకు, లారీ డ్రైవర్లకు రిస్క్ ఎక్కువని ప్రభుత్వమే గుర్తించింది. ఊళ్లోనే ఉన్న భార్యల్లో కొందరికి కడుపుతో ఉన్నప్పుడు చేసిన టెస్టులోనే విషయం తెలిసేది.

మరి అన్నాళ్లు ఎందుకు తెలియలేదు? ఇక్కడే వైరస్ తెలివి చూడాలి. మన ఇమ్యూనిటీ పోలీసు శాఖ అనుకోండి, సీడీ4 కణాలు కంట్రోల్ రూమ్. హెచ్‌ఐవీ సరాసరి అందులోకే దూరుతుంది. తన ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చి మన డీఎన్‌ఏలో అతికిస్తుంది. నేను కోడ్ రాసినోణ్ణి కదా, నాకైతే ఇది మెయిన్ కోడ్‌లో ఎవడో దొంగ లైన్లు కలిపినట్టే అనిపిస్తుంది. ఆ కాపీ చేయడంలో తప్పులెక్కువ. ఆ తప్పుల వల్లే రూపం మారుతూ ఉంటుంది, యాంటీబాడీలు పాత ఫొటో పట్టుకుని వెతుకుతుంటాయి. కొన్ని కణాల్లోనైతే చప్పుడు చేయకుండా ఏళ్లకేళ్లు పడుకుంటుంది.

అందుకే పండక్కి ఇంటికొచ్చిన మనిషి పైకి బాగానే కనిపిస్తాడు. ఎనిమిది, పదేళ్లు ఏ లక్షణమూ లేకపోవచ్చు. తనకే తెలియనిది ఇంట్లో వాళ్లకేం చెబుతాడు? ఊరేమో వైరస్‌ని వదిలేసి మనిషి గుణాన్ని తిట్టింది. తిడతారని తెలిస్తే టెస్టుకి ఎవరు పోతారు?

2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టింది. మన హైదరాబాద్ కంపెనీలు హెటిరో, అరబిందో ఈ మందుల్ని ప్రపంచానికి పంపుతున్నాయి. నిద్రపోతున్న కణాలను ఈ మందులు తుడిచేయలేవు, అందుకే రోజూ వేసుకోవాలి. వేసుకుంటూ వైరల్ లోడ్ టెస్టుకి అందనంత తగ్గి అలాగే ఉంటే, లైంగికంగా ఇంకొకరికి అంటదు. మామూలు జీవితమే. 2017 చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలో, ఆస్పత్రిలో వివక్ష చూపడం నిషిద్ధం.

డౌట్ ఉంటే 1097కి ఫోన్ చేయండి, ఫ్రీ. సర్కారు దవాఖానలో టెస్టు కూడా ఫ్రీ, వివరాలు బయటికి చెప్పరు. వలస బస్సు ఇంకా ఆగలేదు ఫ్రెండ్స్. సిగ్గయినా ఆగితే చాలు.