'కాంటెస్ట్' శబ్దము: సాక్షి నుండి స్పర్ధకు

ఆంగ్లమున 'కాంటెస్ట్' అను శబ్దము నేడు నామముగా పోటీని, క్రియగా పోటీ చేయుటను, ఒక హక్కునో తీర్పునో కాదని వాదించుటను తెలుపుచున్నది. ఈ అర్థములను బట్టి దాని మూలమున కలహవాచకమైన ధాతువు ఉండునని తోచును. కాని అందున్నది కలహము కాదు, సాక్షి.

దీనికి మూలము లాటిన్ 'కోన్తెస్తారీ'. 'కోన్' అనగా కూడి. 'తెస్తారీ' అనగా సాక్షిగా పిలుచుట. సాక్షికి లాటిన్ పేరు 'తెస్తిస్'. 'మూడవవాడుగా నిలిచినవాడు' అని దాని వ్యుత్పత్తిని భాషావేత్తలు చెప్పుదురు. పాంపేయీలో లభించిన ఓస్కన్ శాసనమున మరణశాసనమునకు వాడిన మాట 'త్రి' అను వర్ణములతో మొదలగుట ఈ వ్యుత్పత్తికి బలమిచ్చుచున్నది.

రోమన్ న్యాయమున 'లీతిస్ కోన్తెస్తాతియో' అనునది వ్యాజ్యము స్థిరపడు ఘట్టము. ఉభయపక్షములును అచటివారిని సాక్షులుగా ఉండుడని కోరెడివారని క్రీ.శ. 2వ శతాబ్ది కోశకారుడు ఫెస్తుస్ వివరణము. ఆ శతాబ్దివాడే యగు గాయుస్ గ్రంథము 1816లో వెరోనాలో బయల్పడినది. నియత వ్యాజ్యములలో ఈ ఘట్టముతో పూర్వపు బాధ్యత తొలగి, ప్రతివాది తీర్పునకు కట్టుపడునని అందు గలదు. అదే దావాను మరల తెచ్చుటకు వీలులేదు. కావున ఇది కలహమునకు ఆరంభము కాదు. కలహము కట్టుబాటునకు లోబడుట.

ఫ్రెంచి ద్వారమున ఈ క్రియ 16వ శతాబ్ది చివర ఆంగ్లమున ప్రవేశించినది; నామము 17వ శతాబ్దిలో వాడుకకు వచ్చినది. క్రమముగా సాక్షి మరుగుపడి, ఎదురుబొదురుగా నిలిచిన ఇద్దరే అర్థమున మిగిలిరి. 'ప్రొటెస్ట్', 'అటెస్ట్', 'టెస్టమెంట్' అను మాటలు దీని సోదరములు. 'కంటెండ్' మాత్రము వేరు. దాని మూలమగు 'తెందెరే'కు చాచుట, బిగలాగుట అని అర్థము. అర్థసామ్యమును, ధ్వనిసామ్యమును చూచి ఈ రెంటిని ఒకే మూలమునకు చేర్చరాదు.

మన 'సాక్షి' శబ్దమును పాణిని ప్రత్యక్షముగా చూచినవాడను అర్థమున సాధించెను (5.2.91). సంస్కృతము చూపును పట్టుకొనగా, లాటిన్ నిలిచిన చోటును పట్టుకొన్నది. ఇద్దరికిని చెందని మూడవవాని యెదుట నిలుచుటకు ఇద్దరును సమ్మతించినప్పుడే పోరు వ్యాజ్యమగును. వాడుకలో మరుగుపడిన ఈ నియమమును శబ్దచరిత్ర మాత్రమే నిలుపుకొన్నది.