తొలుత ఏర్పడు అంగమేది? – గర్భవిజ్ఞాన చరిత్రలో ఒక ప్రాచీన ప్రశ్న

మాతృగర్భంలో పిండం రూపుదాల్చే వేళ మొట్టమొదట ఏర్పడే అంగం ఏది? శిరస్సా, హృదయమా, నాభియా? ఈ ప్రశ్న భారతీయ ఋషిసభలలో రెండువేల ఏండ్లకు పూర్వమే చర్చకు వచ్చింది. చరకసంహిత శారీరస్థానంలో అగ్నివేశుడు తన గురువైన ఆత్రేయ పునర్వసుని ఇదే అడుగుతాడు. అప్పుడు ఆత్రేయుడు తన మతాన్ని వెంటనే ప్రకటింపక, ముందుగా ఇతర ఆచార్యుల అభిప్రాయాలను ఒక్కొక్కటిగా వినిపిస్తాడు.

కుమారశిరా భరద్వాజుడు శిరస్సే ప్రథమమన్నాడు. సర్వేంద్రియాలకూ అది ఆశ్రయం కనుక. బాహ్లీక వైద్యుడైన కాంకాయనుడు హృదయమన్నాడు. చైతన్యానికి అది స్థానం కనుక. భద్రకాప్యుడు నాభిని ముందు నిలిపాడు. ఆహారం దాని ద్వారానే అందుతుంది కనుక. బడిశుడు హస్తపాదాలన్నాడు, విదేహరాజు జనకుడు ఇంద్రియాలన్నాడు. మారీచి కాశ్యపుడు మాత్రం, అది పరోక్షం కనుక ఊహకు అందదన్నాడు. చివరకు ధన్వంతరి సర్వాంగాలూ ఏకకాలంలోనే ఆవిర్భవిస్తాయన్నాడు. ఆత్రేయుడు ఈ చివరి మతాన్నే స్వీకరించాడు.

సుశ్రుతసంహితలోనూ ఇదే వాదం కొద్దిపాటి భేదాలతో కనబడుతుంది. అక్కడ ధన్వంతరి మామిడిపండును దృష్టాంతంగా చూపాడు. పండిన మామిడిలో పీచు, గుజ్జు, టెంక, జీడి వేరువేరుగా కనిపిస్తాయి. లేత పిందెలో అవి లేకపోలేదు. సూక్ష్మత్వం చేత కంటికి గోచరించవు. గర్భస్థ పిండంలోని అంగాల స్థితి కూడా అట్టిదేనని ఆయన నిర్ణయం.

మాసక్రమ వర్ణనలు ఈ చర్చకు భిన్నమైన మరొక ధారకు చెందినవి. గర్భోపనిషత్తు ప్రకారం ఒక రాత్రికి కలలం, ఏడు రాత్రులకు బుద్బుదం, అర్ధమాసానికి పిండం, ఒక మాసానికి కాఠిన్యం ఏర్పడతాయి. రెండవ మాసంలో శిరస్సు, మూడవ మాసంలో పాదప్రదేశం, ఐదవ మాసంలో పృష్ఠవంశం, ఆరవ మాసంలో ముఖ నాసికా నేత్ర శ్రోత్రాలు ఏర్పడతాయి. ఏడవ మాసంలో జీవసంయోగం, తొమ్మిదవ మాసంలో పూర్వజన్మస్మృతి కలుగుతాయి. శ్రీమద్భాగవత తృతీయస్కంధంలో కపిలమహర్షి దేవహూతికి చేసిన ఉపదేశం మరొక క్రమాన్ని చెబుతుంది. అక్కడ శిరస్సు మొదటి మాసంలోనే ఏర్పడుతుంది, జీవునికి బోధ ఏడవ మాసంలో కలుగుతుంది. పోతన తెలుగు భాగవతం ద్వారా ఈ వర్ణన తెలుగు గృహాలలో తరతరాలుగా పఠనంలో ఉన్నది.

ఈ మూడు గ్రంథాల సంఖ్యలు పరస్పరం ఏకీభవించవు. గర్భోపనిషత్తు రెండవ మాసమన్న శిరస్సును భాగవతం మొదటి మాసంలో చెబుతుంది. సుశ్రుతుడు హస్తపాదశిరస్సుల అంకురాలు ఐదూ మూడవ మాసంలో కనిపిస్తాయంటాడు. ఆధునిక గ్రంథాలు చెప్పినదంతా మన శాస్త్రాలలో మాసం తప్పకుండా ఉన్నదని వాదించేవారు ఈ భేదాన్ని గమనించరు. ఈ భేదాన్ని చూసి శాస్త్రాలన్నీ కల్పనలని త్రోసిపుచ్చేవారు ఆ గ్రంథాల ప్రయోజనాన్ని గమనించరు.

పాశ్చాత్య దేశాలలోనూ ఈ ప్రశ్న ఇంచుమించు ఇదే రూపంలో పుట్టింది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ పొదిగిన కోడిగ్రుడ్లను పరిశీలించి, మూడు అహోరాత్రాలు గడిచాక రక్తబిందువు వలె స్పందించే హృదయాన్ని చూసి, అదే ప్రథమాంగమన్నాడు. అది కాంకాయనుని మతమే. 1651లో ఆంగ్లేయ వైద్యుడు విలియం హార్వే హృదయం కంటె ముందు రక్తమే పుడుతుందని వాదించాడు. 1694లో హార్ట్‌సూకర్ అనే డచ్ పరిశీలకుడు శుక్రకణంలో ముడుచుకొని కూర్చున్న చిన్న మానవుని చిత్రించాడు. సర్వాంగాలూ బీజంలోనే సిద్ధంగా ఉండి, పరిమాణంలో మాత్రమే పెరుగుతాయన్న మతానికి ఆ చిత్రం ప్రతీకగా నిలిచింది.

ఆ మతాన్ని 1759లో జర్మన్ పండితుడు కాస్పర్ ఫ్రీడ్రిక్ వోల్ఫ్ ఎదిరించాడు. అంగాలు ముందుగా లేవు, రూపరహితమైన ద్రవ్యం నుంచి క్రమంగా నిర్మితమవుతాయి అన్నది ఆయన సిద్ధాంతం. కోడిపిండంలో పేగు మొదట పలుచని పొర వలె ఉండి, తరువాత ముడుచుకొని గొట్టంగా మారుతుందని ఆయన ప్రదర్శించాడు. 1817లో పాండర్ పిండంలో మూడు స్తరాలను గుర్తించాడు. 1827లో కార్ల్ ఎర్నెస్ట్ వాన్ బేయర్ క్షీరదాల అండాన్ని మొదటిసారిగా చూశాడు. కాశ్యపుడు పరోక్షమన్న విషయం ఈ విధంగా సూక్ష్మదర్శిని ద్వారా ప్రత్యక్షమైంది.

ప్రత్యక్షమైన ఆ క్రమం ఇట్టిది. గర్భాధానానంతరం మూడవ వారంలో పిండం మూడు పొరల పళ్లెం వలె ఉంటుంది. బాహ్యస్తరంలో వెనుకభాగాన ఒక పట్టీ మందమవుతుంది. దాని అంచులు రెండు గట్ల వలె లేచి, ఒకదానినొకటి చేరి, కలిసి ఒక నాళంగా మూసుకుంటాయి. మెదడు, వెన్నుపాము రెండూ ఈ నాడీనాళం నుంచే ఏర్పడతాయి. చర్మాన్ని నిర్మించే బాహ్యస్తరమే మెదడునూ నిర్మిస్తుంది. నాళం యొక్క శిరోభాగం సుమారు 25వ దినాన, అధోభాగం సుమారు 28వ దినాన మూసుకుంటాయి. హృదయస్పందనం 22వ దిన ప్రాంతంలో ఆరంభమవుతుంది.

కనుక శిరస్సు, హృదయం ఒకే పక్షంలో, ఒకదాని ప్రక్కన మరొకటి రూపుదాలుస్తాయి. పని మొదలుపెట్టడంలో హృదయం ముందు. రేఖామాత్రంగా కనిపించడంలో నాడీపట్టిక ఏమాత్రం వెనుకబడదు. హస్తపాదాల అంకురాలు నాల్గవ వారం చివరికి గాని కనిపించవు. ధన్వంతరి ఏకకాలవాదం అక్షరశః నిలువదు. అయినా ఏ అంగమూ ఒంటరిగా ముందు పుట్టి మిగిలినవాటిని సృష్టించదన్న దాని సారం నిలిచింది.

ఆ సారానికి బలమైన నిదర్శనం 1924లో లభించింది. హాన్స్ స్పెమాన్, హిల్డే మాన్‌గోల్డ్ ఒక న్యూట్ పిండం నుంచి చిన్న కణజాలాన్ని తీసి, వేరొక జాతి న్యూట్ పిండం ఉదరభాగంలో నాటారు. అక్కడ రెండవ నాడీనాళం, రెండవ దేహాక్షం ఏర్పడ్డాయి. ఆ నాళంలోని కణాలు అధికభాగం ఆతిథ్యమిచ్చిన పిండానివే. అంటే నాడీమండలం తనంత తాను పుట్టదు. ప్రక్కనున్న కణజాలం ప్రేరేపిస్తే చర్మం కావలసిన కణాలే మెదడు కణాలవుతాయి. స్పెమాన్‌కు 1935లో నోబెల్ పురస్కారం లభించింది. మాన్‌గోల్డ్ 1924లోనే, యౌవనంలోనే మరణించింది.

ఈ ప్రశ్న పండితుల వాదంతో ముగియలేదు. నాడీనాళం ఎక్కడైనా మూసుకొనకపోతే శిశువు వెన్నెముక చీలికతోనో, కపాలం, మెదడు పూర్తిగా ఏర్పడకనో జన్మిస్తుంది. ఆ నాలుగు వారాలు గడిచేసరికి అనేకమంది తల్లులకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు.

దీని నివారణ చరిత్ర భారతదేశంతో ముడిపడి ఉన్నది. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, మిల్లు కార్మిక స్త్రీలలో గర్భకాలపు రక్తహీనతను పరిశోధించి, ఈస్టు సారంలోని ఏదో పదార్థం దానిని నయం చేస్తుందని గుర్తించింది. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో దానిని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. యౌవనంలో సన్న్యాసాశ్రమాన్ని కోరిన ఆ తెలుగువాడు వైద్యవిద్య వైపు మళ్ళాడు. 1991లో వెలువడిన బ్రిటిష్ వైద్య పరిశోధనా మండలి పరీక్షలో, ఇంతకుముందు ఇట్టి లోపంతో శిశువును కన్న స్త్రీలు గర్భధారణకు పూర్వం నుంచే ఫోలిక్ ఆమ్లం సేవిస్తే, ఆ లోపం మళ్ళీ సంభవించడం సుమారు 72 శాతం తగ్గిందని రుజువైంది. నేడు సంతానాన్ని కోరే స్త్రీలకు గర్భధారణకు ముందే దినానికి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లాన్ని వైద్యులు సూచిస్తున్నారు. పూర్వం ఇట్టి శిశువు కలిగినవారికి మోతాదు అధికం.

మరి గర్భోపనిషత్తు స్థానమేది? దీనికి సమాధానం సంప్రదాయంలోనే ఉన్నది. అగ్ని శీతలమని నూరు శ్రుతులు చెప్పినా, ప్రత్యక్షవిషయంలో అవి ప్రమాణం కాజాలవని శంకరభగవత్పాదులు గీతాభాష్యంలో స్పష్టం చేశారు. ప్రత్యక్షానుమానాలకు అందని దానియందే శ్రుతి ప్రమాణం. నాడీనాళం ఏ దినాన మూసుకుంటుందన్నది ప్రత్యక్షవిషయం. దానిని సూక్ష్మదర్శిని నిర్ణయిస్తుంది. ఆ నాళాన్ని ఉపాధిగా చేసుకొని నేను అని స్ఫురించే చైతన్యం ఎవరిది అన్నది శ్రుతివిషయం. చైతన్యం ప్రకటమయ్యే ద్వారం ఎట్లు నిర్మితమవుతుందో గర్భవిజ్ఞానం చెబుతుంది. ఆ చైతన్యం పుట్టిందని గాని, పుట్టలేదని గాని ఆ పరికరంతో చెప్పలేదు.

ఉపనిషత్తు గర్భవాసాన్ని వర్ణించినది వైరాగ్యం కొరకు. తొమ్మిదవ మాసంలో జీవుడు తాను తిరిగిన అనేక యోనులను, అనుభవించిన కర్మఫలాలను స్మరించి, ఈసారి బయటపడితే నారాయణుని ఆశ్రయిస్తానని సంకల్పిస్తాడు. జననకాలంలో వైష్ణవ వాయుస్పర్శ తగిలి ఆ సంకల్పాన్ని మరచిపోతాడు. పఠించేవాడు మరచినదానిని గుర్తు తెచ్చుకోవాలన్నదే ఆ కథనం ఉద్దేశ్యం. దానిని ప్రసూతిశాస్త్ర పట్టికగా మార్చడం శ్రద్ధ అనిపించుకోదు.

ఆత్రేయుని సభలో ఆచార్యులందరికీ మాట్లాడే అవకాశం దక్కింది. తెలియదన్న కాశ్యపుని మాట కూడా సంహితలో స్థానం పొందింది. అట్టి సభకు వారసులైనవారు గర్భవతి అయిన గృహిణికి భాగవతం వినిపించవచ్చు. గర్భానికి పూర్వమే వైద్యుని సలహా మేరకు ఆ చిన్న మాత్రనూ అందించవచ్చు. మొదటిది జీవుని సంకల్పాన్ని రక్షిస్తుంది, రెండవది ఆ సంకల్పం నిలవవలసిన దేహాన్ని రక్షిస్తుంది.