పిల్లల పండుగకు చెక్కిన బొమ్మలు

బొమ్మలాట యనగానే తెలుగువారికి తోలుబొమ్మలాట స్ఫురించును. తెల్లని తెర, వెనుక దీపము, నడుమ రంగుల తోలుబొమ్మలు, రామకథ మధ్యలో నవ్వించుటకు దుమికి వచ్చు కేతిగాడు, బంగారక్క: ఇవి పల్లెవాసులెల్లరు నెరిగినవే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైల యాత్రికుల వినోదములను వర్ణించుచు బొమ్మలాటలను గూడ పేర్కొనెను. అయితే బొమ్మలలో తోలుబొమ్మ యొక్కటియే కాదు. దారములతో నాడించు కొయ్యబొమ్మ యొకటి కలదు. చేతికి తొడిగి యాడించు బొమ్మ మరియొకటి కలదు. కేరళదేశపు పావకథకళి యీ కడపటి కోవకు చెందినది.

చేతితొడుగు బొమ్మ చూచుటకు మిక్కిలి సులభముగా గన్పట్టును. తలను చెక్కి, లోపల వ్రేలు పట్టునంత తొలిచి, మెడకు గుడ్డ అంగీని తగిలింతురు. చూపుడువ్రేలు తలలోనికిని, బొటనవ్రేలు, నడిమివ్రేలు రెండు చేతులలోనికిని పోవును. కాళ్లుండవు. తల బరువైనచో వ్రేలు అలసి బొమ్మ వ్రాలును. ముఖము కదలదు గనుక ముక్కును, కనుబొమలను, గడ్డమును కొట్టవచ్చినట్లు చెక్కవలెను. అట్లు చెక్కినపుడే తల యించుక వంచినంతమాత్రమున నీడ మారి, నవ్వుచున్న ముఖమే దుఃఖించుచున్నట్లు తోచును. చెక్కినవాని నేర్పంతయు ఇందే కలదు.

ఇట్టి బొమ్మలను పిల్లల కొరకు మహాకళాకారులు సిద్ధపరచిన వృత్తాంతమొకటి స్పెయిను దేశ చరిత్రమున కలదు. ఆ దేశపు దక్షిణభాగమున, 1492 వరకు ముస్లిం రాజులకు రాజధానియైన గ్రనడా నగరమున అది జరిగెను. 1923 జనవరి 6వ తేదీ అచట ముగ్గురు రాజుల పండుగ. బాలయేసును దర్శింప తూర్పుదిక్కునుండి కానుకలతో వచ్చిన మువ్వురిని స్మరించి, ఆనాడు పిల్లలకు కానుకలిచ్చుట అచటి ఆచారము. ఫెదెరికో గార్సియా లోర్కా అను ఇరువదినాలుగేండ్ల కవి తన చెల్లెలు ఇసబెలుకును, ఆమె యీడు పిల్లలకును ఆ పండుగకు కానుకగా ఒక బొమ్మలాటనే యీయ సంకల్పించెను. రంగస్థలము వారి యింటిలోని గదియే.

అతనికి ఇరువురు తోడ్పడిరి. ఒకరు మానుయెల్ ద ఫాయా. నలువదియారేండ్ల యీ సంగీతకర్త అప్పటికే ఐరోపా అంతట పేరుగన్నవాడు. రెండవవాడు హెర్మెనెహిల్డో లాన్స్. ఈతడు గ్రనడాలో చిత్రలేఖనము బోధించు ఉపాధ్యాయుడు. చెక్కుటయందును, రంగులు వేయుటయందును నిపుణుడు. బొమ్మల తలలను చెక్కిన చేయి ఇతనిదే.

ఆనాడు మూడు నాటకములాడిరి. మొదటిది సెర్వాంటెసు రచనయని ప్రసిద్ధికెక్కిన చిన్న హాస్యనాటకము. రెండవది అచటి జనుల నోట నిలిచిన పాతకథను లోర్కా నాటకముగా మలచినది. అందొక బాలిక తులసిజాతి మొక్కకు నీరు పోయుచుండును. రాకుమారుడు వచ్చి, దానికి ఆకులెన్నియని యడుగును. ఆకాశమున చుక్కలెన్నియో ముందు చెప్పుమని బాలిక ఎదురడుగును. మూడవది ముగ్గురు రాజుల రాకను దెలుపు నాటకము. 12వ శతాబ్ది నాటిది, స్పానిషు భాషలో లభించిన నాటకములలో మిక్కిలి ప్రాచీనమైనది. దీనికి మాత్రము చేతితొడుగు బొమ్మలకు మారుగా అట్టముక్కలను కత్తిరించి రంగువేసిన బొమ్మలను వాడిరి. ఫాయా పియానో వాయించెను. పాతకాలపు వాద్యమువలె పలుకుటకై దాని తీగెల నడుమ పలుచని కాగితమునుంచెను.

నాటకముల విరామమున క్రిస్టోబల్ అను విదూషకపు బొమ్మను లోర్కా చేత తొడిగి, ముందు కూర్చున్న పిల్లలతో మాటలాడించెను. చేత దుడ్డుకఱ్ఱ, నోట ముతకమాట గల యీ క్రిస్టోబలునకు మన కేతిగానితో చుట్టరికము లేదు. కాని పిల్లల నవ్వుకు దేశభేదము లేదు గనుక, ఇరువురి పనియు నొక్కటియే.

ఆ ప్రదర్శనము ఆ ఒక్కనాటిదే. టిక్కెట్లు లేవు, రాబడి లేదు. అయినను ఎవ్వరును తమ పనిని తక్కువ చేయలేదు. అదే సంవత్సరము జూను 25వ తేదీన పారిసు నగరమున ఒక రాకుమార్తె మందిరములో ఫాయా రచించిన బొమ్మల సంగీతనాటకము ప్రదర్శితమయ్యెను. బొమ్మలాటను నిజమని భ్రమించిన డాన్ క్విక్సోటు కత్తిదూసి బొమ్మలను నరికిన కథయే అందలి వస్తువు. దానికి గూడ లాన్స్ తలలు చెక్కెను. యింటి పిల్లలకు చెక్కిన చేయియే ప్రభువుల సభకు చెక్కెను.

కాలము వారియెడ దయచూపలేదు. 1936లో అంతర్యుద్ధము చెలరేగెను. ఆ ఆగస్టు మాసమున లోర్కాను గ్రనడాలో పట్టుకొనిపోయి కాల్చి చంపిరి. అతని దేహమెచట నున్నదో నేటికిని తేలలేదు. ఫాయా 1939లో దేశము విడిచి అర్జెంటీనాకేగి, 1946లో అచటనే మరణించెను. లాన్స్ 1949లో గతించెను. చెల్లెలు ఇసబెల్ చిరకాలము ప్రవాసముననుండి స్వదేశమునకు మరలి, 2002 వరకు జీవించెను. ఆమె జ్ఞాపకముల గ్రంథము ఆ యేటనే వెలువడెను. కానుకనిచ్చినవారు పోయినను, కానుక నందుకొన్న బాలిక దాదాపు ఎనుబదేండ్లు దానిని మనసున మోసెను.

పిల్లలకే గదా, ఎట్లు చేసినను చెల్లునను మాట లోకమున తరచు వినబడును. గ్రనడాలోని ఆ మువ్వురు అట్లు తలపలేదు. ఏడువందల యేండ్ల నాటి నాటకమును, పాత పుస్తకములోని హాస్యమును, ముసలివారి నోటి కథను దెచ్చి, వానికొక చేయి తొడిగి పిల్లల ముందు నిలిపిరి. బీరువాలోని గ్రంథమును తీసి బాలుని చేతబెట్టువాడు చేయు పనియు అట్టిదే. అది యే మనసున ఎంతకాలము నిలుచునో ఇచ్చువాడెరుగడు. ఎరుగకపోయినను, మేలైనదానినే యీయవలెను.