చోబేలో ఎడమవైపు సీటు

సెప్టెంబరు చివరివారం. బోట్స్వానాలోని కసానే ఊళ్లో మధ్యాహ్నం మూడింటికి చోబే నది రేవులోకి దిగుతున్నారు మీరు. ఎండ మాడు పగలగొడుతోంది. రేవులో రెండంతస్తుల పెద్ద పడవ ఒకటుంది. దాని పక్కనే పదిమంది పట్టే అల్యూమినియం పడవ. ఆ చిన్నదే ఎక్కండి, ఒడ్డును ఆనుకుని పోగలిగేది అదే. ఎడమవైపు కూర్చోండి. ప్రవాహానికి ఎదురుగా పడమటికి వెళ్తారు కాబట్టి చోబే నేషనల్ పార్కు ఒడ్డు మీ ఎడమచేతి వైపు ఉంటుంది. కుడివైపు, నదికి అవతల, నమీబియా.

కాసేపటికి నది రెండు పాయలవుతుంది. నడుమ సెడుడు దీవి, చెట్టు లేని పచ్చిక మైదానం. దీనికోసం రెండు దేశాలూ హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్తే, 1999లో బోట్స్వానాకే దక్కింది.

ఎడమ ఒడ్డున దుమ్ము లేస్తోంది చూడండి. పొదల్లోంచి ఏనుగుల మంద. నీళ్లు కనబడగానే ఆ చివరి నాలుగు గజాలు పరుగే. పడవ నడిపే ఆయన ఇంజను ఆపేశాడు. ముందున్న పెద్ద ఆడ ఏనుగు నీళ్లలోకి దిగింది, ఇంకా దిగింది, చివరికి పైకెత్తిన తొండం తప్ప ఏమీ కనబడలేదు. దాని వెనకే పిల్ల, పిల్ల వెనక ఇంకో ఏనుగు. దీవి మీది గడ్డి కోసం ఈదుకుంటూ పోతున్నాయి.

అప్పటికే దీవి చేరిన ఏనుగు ఒకటి మీకు బాగా దగ్గర్లో మేస్తోంది. తొండంతో గడ్డి దుబ్బు చుట్టి, కాలి గోటితో తన్ని, వేళ్లతో సహా పెకిలించింది. వెంటనే నోట్లో పెట్టుకోలేదు. తోటకూర కట్టను బకెట్లో జాడించినట్టు నీళ్లలో అటూ ఇటూ ఆడించింది. మట్టి విడిపోయి నీళ్లు ఎర్రబారాయి. అప్పుడు తింది. ఇసుక నమిలితే పళ్లు అరుగుతాయి. ఏనుగుకు జీవితం మొత్తంలో దవడ పళ్లు వచ్చేది ఆరు విడతలే. చివరి విడత అరిగిపోయాక మేత నమలలేదు.

ఇదంతా ఈ నెలల్లోనే ఎందుకంటే, ఏప్రిల్ తర్వాత వానలుండవు. లోపలి మొపానే చెట్ల అడవిలో నీటి గుంటలు ఒక్కొక్కటే ఎండిపోతాయి. సెప్టెంబరు, అక్టోబరు నాటికి ఏనుగుకైనా అడవిదున్నకైనా ఈ నదే దిక్కు. నవంబరులో వానలు పడితే గుంటలు నిండి మందలు చెదిరిపోతాయి. కాబట్టి ముందు నెల ఖాయం చేసుకోండి, టికెట్లూ హోటలూ ఆ తర్వాతే. మలేరియా ఉన్న ప్రాంతం, మాత్రల సంగతి బయల్దేరేముందే డాక్టరును అడగండి.

పడవ దీవి చివర్న తిరిగింది. ముందు నీళ్లలో చెవులూ కళ్లూ మాత్రమే తేలుతున్నాయి, హిప్పోలు. పడవాయన వాటికీ లోతు నీటికీ మధ్యకు పోకుండా పక్కకు తప్పించాడు. దారి మూసేస్తే హిప్పో ఊరుకోదు. ఇప్పుడు సూర్యుడు మీ వెనక ఉన్నాడు, కెమెరా తీయండి, ఒడ్డు మీది ఏనుగుల ఒంటిపై ప్రతి ముడతా కనిపించే వెలుతురిది.

రేపు పొద్దున సింహాల కోసం జీపెక్కినా, మధ్యాహ్నానికి మళ్లీ పడవ దగ్గరికే రండి. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న విక్టోరియా జలపాతం ఈ నెలల్లో బాగా సన్నబడుతుంది. దాన్ని నిండుగా చూడాలంటే ఏప్రిల్‌లో రావాలి, అప్పుడు ఈ మందలుండవు. నేనైతే ఏనుగుల నెలనే ఎంచుకుంటాను, జలపాతాన్ని జింబాబ్వే వైపు నుంచి చూస్తాను. అటు ఈ వానల్లేని నెలల్లోనూ నీళ్లు దూకుతూనే ఉంటాయి.