స్టార్ వార్స్: ముందు కాల్చింది ఎవరు?

సినిమాలో ఒక్క తుపాకీ దెబ్బ గురించి జనం పాతికేళ్లకు పైగా కొట్టుకుంటున్నారంటే నమ్ముతారా?

1977లో వచ్చిన స్టార్ వార్స్‌లో హాన్ సోలో ఒక బార్‌లో కూర్చుని ఉంటాడు. గ్రీడో అనేవాడు వచ్చి తుపాకీ గురిపెడతాడు. హాన్ టేబుల్ కింద నుంచే కాల్చేస్తాడు. వీడు మామూలోడు కాదని అక్కడే అర్థమైపోతుంది.

1997లో జార్జ్ లూకాస్ అదే సినిమాకి కొత్త గ్రాఫిక్స్ కలిపి మళ్లీ థియేటర్లలో వదిలారు. ఇందులో ముందు గ్రీడో కాలుస్తాడు, గురి తప్పుతుంది, ఆ తర్వాతే హాన్ కాలుస్తాడు. ఫ్యాన్స్‌కి ఒళ్లు మండింది. 'ముందు కాల్చింది హానే' అని టీషర్టులు వేసుకు తిరిగారు.

అసలు ట్విస్ట్ ఏంటంటే, పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలకి రంగులద్దుతున్న రోజుల్లో, 1988లో, ఇదే లూకాస్ అమెరికా కాంగ్రెస్ ముందుకెళ్లి సినిమాల అసలు రూపాన్ని కాపాడాలని వాదించారు. మరి తన సినిమా దగ్గరికొచ్చేసరికి? నేను తీసిందేగా, నాకు నచ్చినట్టు మార్చుకుంటా అన్నది ఆయన లెక్క. అప్పట్లో మార్చే హక్కు ఆయన చేతిలోనే ఉండేది.

2006లో పాత వెర్షన్‌ని డీవీడీగా ఇచ్చారు కానీ, ఎక్స్‌ట్రా డిస్క్‌లో, పాత లేజర్‌డిస్క్ క్వాలిటీతో. 2012లో డిస్నీ 400 కోట్ల డాలర్లకు పైగా పెట్టి లూకాస్‌ఫిల్మ్‌ని కొనేసింది. ఇటు ఫ్యాన్సేమో పాత 35 ఎంఎం ప్రింట్లు వెతికి పట్టుకుని, స్కాన్ చేసి, మరకలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

స్టూడియోకి అది ఆస్తి. వీళ్లకి అది చిన్నతనం. కాగితాల మీద ఆస్తికే విలువ. కానీ 1977 నాటి సినిమా పోకుండా పట్టుకుని కూర్చుంది మాత్రం టికెట్ కొన్నవాళ్లే. మరి ఆ సినిమా ఎవరిదంటారు?