ముడి రవిక మోసిన బరువు

ఉత్తరాంధ్ర తీరాన భావనపాడు రేవులో పడవ ఒడ్డెక్కితే మగవాళ్ల పని సగం అయినట్టు. ఆడవాళ్లకు అప్పుడే మొదలు. చేపలు ఏరాలి, ఉప్పు పట్టించాలి, ఎండబెట్టాలి, తట్ట నెత్తికెత్తుకుని ఊళ్ల మీదికి నడవాలి. పక్కనే నౌపడ ఉప్పు మడుల్లోనూ మోతే. చుట్టకుదురు మీద తట్ట నిలవాలంటే మెడ, వీపు నిటారుగా ఉండాలి.

రొమ్ములు పెద్దవైన ఆడదానికి చిక్కు అక్కడే. ఆ బరువు వెన్నుకు ముందు వేలాడుతూ భుజాలను కిందికి వంచుతుంది. రెక్క ఎముకల నడుమ కండరాలు దాన్ని రోజంతా వెనక్కి గుంజి పట్టుకోవాలి. సాయంత్రానికి మెడ కింద, జబ్బల మధ్య ఒకటే సలుపు. ఎవరైనా అడిగితే తట్ట మోత అనో, నడుం పట్టేసిందనో చెప్పి ఊరుకుంటారు. అసలు కారణం నోట రానివ్వని సిగ్గు తరాలుగా ఈ నొప్పికి కాపలా కాసింది.

చెప్పుకోకపోయినా, ఆ బరువును కట్టి ఉంచే ఉపాయం మాత్రం మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. దక్షిణాది శిల్పాల్లో విష్ణువు పక్కన నిలిచే దేవేరుల్లో శ్రీదేవికి రొమ్ముకట్టు ఉంటుంది, భూదేవికి ఉండదు. ఇద్దరినీ గుర్తుపట్టే ఆనవాళ్లలో అదొకటి. ఆ కట్టు పేరు కుచబంధం.

పల్లెల్లో దాని పని చేసింది ముడి రవిక. ఉత్తరాంధ్రలో అసలు రవికే తొడగని ముసలమ్మలు మొన్నమొన్నటి దాకా ఉన్నారు. తొడిగినవాళ్లది మాత్రం హుక్కులూ కాజాలూ లేని రవిక. ముందువైపు రెండు కొసలనూ రొమ్ముల కిందికి తెచ్చి, ఊపిరి కాస్త బిగబట్టి ఒక ముడి, దాని మీద ఇంకో ముడి. అంతే. బరువు భుజం నుంచి వేలాడకుండా కింద పక్కటెముకల మీద ఆగేది. కడుపుతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా, వయసు మీద పడినా ముడి ఒక వేలెడు వదులైతే చాలు. మారే ఒంటితో పాటు మారే బట్ట అది.

తర్వాత కుట్టుమిషన్ వచ్చింది, హుక్కుల జాకెట్టు వచ్చింది. చక్కని క్రాస్ కటింగూ, సరైన చోట డాట్లూ తెలిసిన దర్జీ చేతిలో పడితే అదీ బరువు మోస్తుంది. కానీ చాలామంది కొలతలు ఇవ్వరు, ఆది జాకెట్టు ఇస్తారు. మూడేళ్ల కిందటి ఒంటికి కుట్టిన తప్పు కొలత కొత్త గుడ్డలోకి అలాగే దిగుతుంది. బొట్టు పెట్టి చేతిలో పెట్టే రవికల గుడ్డ సంగతీ అంతే. ఎనభై సెంటీమీటర్ల ముక్క భారీ మనిషికి చాలదు, మీటరు కావాలి. ఆ ముక్కను మారుమాట లేకుండా ఇంకొకరికి ఇచ్చేసే ఆడవాళ్లు ప్రతి పేరంటంలోనూ ఉంటారు.

ఇక ‘బాడీ’, అంటే బ్రా. 1914లో అమెరికాలో మేరీ ఫెల్ప్స్ జేకబ్ పేటెంటు పొందిన బ్రా మొదట్లో రెండు చేతిరుమాళ్లు, కాస్త రిబ్బను. తేలికే గానీ పెద్ద రొమ్ములకు ఆసరా కాదు. 1932లో క్యాంప్ అనే అమెరికా కంపెనీ కప్పులకు ఏ, బీ, సీ, డీ అక్షరాలు పెట్టింది. మన ఊరి కొట్లలో ఆ అక్షరం ఎవరూ అడగరు, ముప్పై ఆరా, ముప్పై ఎనిమిదా అన్న అంకె ఒక్కటే అడుగుతారు. కప్పు ఇరుకైతే అంకె పెంచుకుంటారు. దాంతో వీపు పట్టీ వదులై పైకి జారుతుంది, బరువంతా సన్నటి భుజం పట్టీల మీద పడి చర్మంలో గాట్లు దిగుతాయి. ముడి రవిక కింద ఆపిన బరువు మళ్లీ భుజానికెక్కింది.

నొప్పికి మందు మాత్రం మనవాడే ఇచ్చాడు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. రాత్రి జబ్బల మధ్య రాయించుకుంటే హాయి, తెల్లారితే అదే బరువు. ఆ బరువునే తగ్గించే దారి శస్త్రచికిత్స. 1956లో రాబర్ట్ వైజ్ అనే సర్జన్ రొమ్ము తగ్గించే కోతకు గీత గీసి చూపాడు. ఆ గీతను ఆయన బ్రా కత్తిరింపు నమూనా నుంచే తీసుకున్నాడు. సర్జన్లు నేటికీ ఆ నమూనా వాడుతున్నారు. డాక్టరు దర్జీ దగ్గర నేర్చుకున్న పాఠం అది.

ఆపరేషన్ దాకా వెళ్లక్కర్లేని వాళ్లే ఎక్కువ. వెడల్పు భుజం పట్టీలు, గట్టి వీపు పట్టీ, సరైన కప్పు, రెక్కల నడుమ కండరాలకు బలమిచ్చే వ్యాయామం చాలామందికి ఉపశమనమిస్తాయి. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు తప్పుతున్నా డాక్టరుకు చూపించాల్సిందే. కొట్లో కొనేముందు చిన్న పరీక్ష ఒకటుంది. బాడీ తొడిగి, భుజం పట్టీలు రెండూ పక్కకు జార్చి, అద్దం ముందు ఒక్క నిమిషం నిలబడాలి. రొమ్ములు దాదాపు అదే ఎత్తులో నిలిస్తే, వీపు పట్టీ కదలకపోతే, ముసలమ్మల ముడి చేసిన పని అది చేస్తున్నట్టే.