మార్లవాయి ప్రయోగం: గిరిజనారోగ్య చరిత్రలో ఒక పూర్వరంగం

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1919లో అబిడ్స్, గన్‌ఫౌండ్రీ ప్రాంతంలోని అద్దె భవనాలలో ఉర్దూ మాధ్యమంలో తరగతులు ప్రారంభించింది. ఉన్నత విద్యకు దేశభాష చాలునని అది నిరూపించింది. అయితే ఆదిలాబాదు అడవులలో గోండీ మాట్లాడే ప్రజలతో ప్రభుత్వం వారి భాషలో వ్యవహరించలేదు. ఈ లోపం గిరిజనారోగ్య చరిత్రకు కూడా సంబంధించినదే.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నిజాం పోలీసుల కాల్పులలో మరణించాడు. ఆ తిరుగుబాటుకు మూలం భూమి, అడవిపై హక్కుల నిరాకరణ. అప్పటికే నల్లమల చెంచులను పరిశీలించిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ ఆ తరువాత గోండుల స్థితిగతులను అధ్యయనం చేశాడు. చెంచులపై ఆయన గ్రంథం 1943లోను, ప్రభుత్వానికి సమర్పించిన నాలుగు నివేదికల సంపుటి 1945లోను వెలువడ్డాయి. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో సిద్ధమయ్యాయి. గిరిజనులకు పట్టాలిచ్చే కార్యక్రమం కూడా సాగింది.

ఈ పథకంలో వైద్యం ప్రధానాంశం కాదు. అయినా ఆరోగ్యానికి అవసరమైన రెండు ఆధారాలను అది స్పృశించింది. దుంపలు, తేనె సేకరించి బతికే చెంచుకు అడవి దూరమైతే ఆహారమే దూరమవుతుంది. పొలం కోల్పోయిన గోండుకు పస్తులు తప్పవు. మందు వాడవలసిన తీరు రోగికి తెలియని భాషలో చెబితే మందు ఉన్నా ఫలితం సందేహాస్పదమే.

ఈ ప్రయోగానికి పరిమితులున్నాయి. అది తిరుగుబాటును చల్లార్చదలచిన పాలకుల అవసరంతో ముడిపడింది. నిర్ణయాధికారం నగరంలోనే మిగిలింది. అందుచేతనే దాని ఫలితాలు నిలవలేదు. 1970 దశకంలో తిరిగివచ్చిన హైమెండార్ఫ్, గిరిజనుల భూములు మళ్లీ పరాధీనమవుతున్న తీరును 1982 నాటి గ్రంథంలో నమోదు చేశాడు.

నాంపల్లి పరిధిలోని నీలోఫర్ ఆసుపత్రి 1953 నుండి తల్లీపిల్లలకు సేవలందిస్తున్నది. గూడెం నుండి అక్కడికి చేరే బిడ్డకు అది చివరి మెట్టు మాత్రమే. మొదటి మెట్లు పొలంలో, అడవిలో, తల్లిభాషలో ఉన్నాయి. వాటిని విస్మరించిన ఆరోగ్య విధానం రోగాన్ని దాని మూలం వద్ద కాక నగరంలో, అదీ ఆలస్యంగా, ఎదుర్కొంటుంది. మార్లవాయి చరిత్ర నేటికీ అందించే పాఠమిదే.